బుచ్చవ్వ గదిలో లారీల చప్పుడు

రాత 1

నెలవు భవనం మూడో అంతస్తులో నివసించు యావన్మందికీ ఇందుమూలంగా ప్రకటించడమేమనగా:

ఉమ్మడి స్నానాల గదిలోని ఆకుపచ్చ సబ్బును కొరికిన మహానుభావులెవరో సూర్యాస్తమయంలోగా స్వచ్ఛందంగా లొంగిపోవలెను. సబ్బు తినుబండారము కాదని పై అధికారులు ఇదివరకే సెలవిచ్చియున్నారు. నడవాలో ఆరేసిన రాజలింగు నీలం లుంగీని గద్ద ఎత్తుకుపోయిందను వదంతిని ఎవ్వరూ నమ్మరాదు. గద్దలకు లుంగీ కట్టుకొను అలవాటు ఉన్నట్టు ఇంతవరకు దాఖలా లేదు. ఈ ప్రకటనను ధిక్కరించినవారికి పరదాలు తడుపు పని అదనముగా అప్పగించబడును.

ఇట్లు, ఓదెలు, ఏడో తరగతి తప్పినవాడు, మూడో అంతస్తు రాతగాడు.

సబ్బు కొరికింది నేనే. లుంగీ నా పరుపు కింద ఉంది. సబ్బు నేరం కూడా రాజలింగు మీదికి తోద్దామనుకున్నాను గానీ, వాడికి ముందుపళ్లు లేవన్న సంగతి ప్రకటన అంటించాక గుర్తొచ్చింది.

ప్రతి అంతస్తుకూ ఒక రాతగాడు ఉండాలని ఇక్కడి నియమం. గోడ మన ఒంట్లో సంగతులన్నీ వింటుంది గానీ మనసులో సంగతులు దానికి అందవు, అవి మీరే రాయాలి అన్నారు. మా అంతస్తులో అక్షరాలు కూడబలుక్కోగలిగినవాళ్లలో అందరికంటే పనిలేనివాణ్ణి నేనే కాబట్టి ఈ పదవి నన్ను వరించింది. ఎండలు పోయి వానలు పడ్డాక నర్సు షాహీన్ మేడం వచ్చి ఈ రాతలు పట్టుకెళ్లి చదువుతుందట. అంతదాకా నా ఇష్టం. నచ్చని కాగితం చింపేసినా అడిగేవాడు లేడు.

రాత 2

పొద్దున లేవగానే పని కిటికీలకు కట్టిన గోనె పరదాలు తడపడం. ఎండ సైరన్ మోగేలోపు అయిపోవాలి. సైరన్ మోగాక వీధిలో కుక్క కూడా కనిపించదు. గుమ్మం దాటినవాణ్ణి కాపలావాళ్లు లోపలికి ఈడ్చుకొస్తారు. ఇదివరకు ఈడ్చుకొచ్చేవాళ్లు లేకే కదా, స్టేషన్ వంతెన కింద మా వరుసలో పడుకున్నవాళ్లు సగం మంది ఒక్క ఎండాకాలంలో లేవకుండా పోయారు. ఆ తర్వాత చట్టం వచ్చింది, ఈ భవనం వచ్చింది. తాగుతావా, పని చేస్తావా, బుద్ధిగా ఉంటావా అని అడగకుండా ముందు గది తాళం చేతిలో పెట్టారు. మిగతా సంగతులు నీ వీలును బట్టి చూసుకుందాం అన్నారు. జీవితంలో మొదటిసారి ఎవరో నన్ను ముందు నమ్మి తర్వాత అనుమానించడం!

ఒక్కటే షరతు. మంచాన్ని మోసం చేయకూడదు. చేస్తే గది పోతుంది.

ఇక్కడి మంచాలకు చెవులుంటాయి. పడుకున్న మనిషి ఊపిరి, గుండె, ఒంటి వేడి అన్నీ వింటాయి. మొదటి వారమంతా విని మనిషిని నేర్చుకుంటాయి. ఆ తర్వాత మంచం విన్నదాన్ని గోడ పొద్దున్నే పైకి చెబుతుంది. తియ్యటి ఆడగొంతు, మాటలు మాత్రం పాతకాలం పంతులమ్మవి. అందుకే గోడక్క అని పేరు పెట్టుకున్నాం. గోడలో ఒక గూడు ఉంటుంది. మంచం మీంచి లేచిన మనిషికి ఏం కావాలో గోడక్కకు తెలుసు. ఆ మనిషి లేచి నిలబడితేనే గూడు తెరుచుకుని తిండి, అవసరమైతే మందు బయటికి వస్తాయి.

ఏళ్ల తరబడి తల కింద చెప్పులు పెట్టుకుని పడుకున్నవాళ్లం. ఇక్కడా మానలేదు. మొదటి రోజు గోడక్క రాజలింగుతో, "మీ తల వెనుక రెండు గట్టి వాపులు కనిపించుచున్నవి, ఆందోళన చెందవద్దు" అన్నది. వాడు పొద్దంతా తల తడుముకుంటూ తిరిగాడు.

రాత 3

ఈ కాగితం ఎలాగూ చింపేస్తాను కాబట్టి రాస్తున్నాను.

నేను పడుకునేది నా గదిలో కాదు. బుచ్చవ్వ గదిలో. ఆమె పడుకునేది నా గదిలో.

బుచ్చవ్వ వంతెన కింద మా వరుసలో చివరి మనిషి. చిత్తుకాగితాలు ఏరేది. నాకు ఏ చుట్టరికమూ లేదు. నేను వంతెన కిందికి వచ్చిన కొత్తలో ఆమె మూటలో కప్పను పెట్టాను. "నీ కాళ్లు ఇరుగ, ఏం అల్లుడివిరా నువ్వు" అని తిట్టింది. అప్పట్నుంచి నేను అల్లుణ్ణి, ఆమె అత్త.

నా గది కిటికీ కింద నీళ్ల లారీల అడ్డా. ఊళ్లో మిగతా బండ్లన్నీ పిల్లుల్లా చప్పుడు లేకుండా పోయే కాలంలో ఆ లారీలు మాత్రం పాత ఇంజన్లతో గర్జిస్తాయి. హారన్లు, డ్రైవర్ల బూతులు, పైపుల మోత. బుచ్చవ్వ గది పెరటి వైపు. అక్కడ ఆకు రాలినా వినిపిస్తుంది. అదే ఆమెకు కష్టమైంది. ముప్పై ఏళ్లు బండ్ల మోతలో పడుకున్న ప్రాణం, చప్పుడు లేకపోతే నిద్ర పట్టక, చచ్చిపోయాననుకుని ఉలిక్కిపడి లేస్తోందట. నన్ను బతిమాలింది. గదులు మార్చమంటే ఆఫీసువాళ్లు ఒప్పుకోరు, గది మనిషి పేరుతో ముడిపడి ఉంటుంది. పోనీలే పెద్దముండ అని జాలిపడి, మంచాలు మమ్మల్ని నేర్చుకునే మొదటి వారంలోనే మారిపోయాం. ఇప్పుడు ఆ మంచం దృష్టిలో నేను బుచ్చవ్వను. ఈ మంచం దృష్టిలో ఆమె ఓదెలు.

ఇందులో నాకొచ్చిన లాభం కూడా రాయాలి కదా. బుచ్చవ్వ వయసువాళ్ల గూట్లో రోజూ ఎముకలు ఉడికించిన బొక్కల షోర్వ వస్తుంది. మాకు జొన్నరవ్వ ఉడికించిన గటక. అంతే.

రాత 4

షోర్వ సంగతి. మాంసం కంటబడటమే గగనమైన ఈ రోజుల్లో పొద్దున్నే అల్లం, మిరియాలు వేసిన వేడి షోర్వ! గోడక్క, "బుచ్చవ్వ గారూ, మీ వయసుకు మీ గుండె అద్భుతముగా ఉన్నది" అంటుంది. "అంతా మీ దయ తల్లీ" అని ముసలిగొంతు పెట్టి జవాబిస్తాను.

ఆమె షోర్వ తాగుతున్నానన్న సంగతి మనసులో గుచ్చుకోకపోలేదు. అందుకని వంటింటివాళ్ల దగ్గర మామిడికాయ తొక్కు పచ్చడి సంపాదించి ఆమెకు ఇస్తున్నాను. ఎందుకంటే ఈ మధ్య నా గది గూట్లో ఉప్పు లేని చప్పిడి తిండి వస్తోందని ఆమె మొత్తుకుంటోంది.

"గడ్డి లెక్కున్నది అల్లుడా. నువ్వు ఏం పాపం చేసినవని నీకు ఉప్పు బందు పెట్టిండ్రో."

"మస్తు చేసిన అత్తా. నువ్వు తొక్కు కలుపుకొని తిను."

తొక్కు నాకుతూ ఆమె ముఖం వెలిగిపోయింది. నేనూ పుణ్యం మూటగట్టుకున్నంత సంబరపడ్డాను.

రాత 5

ఇవాళ బుచ్చవ్వ పిడికిలి బిగించుకుని పరదాల దగ్గరికి వచ్చింది. నన్ను పక్కకు లాగింది.

"అల్లుడా, నీ గుండె మంచిగ లేదంట."

"ఎవ్వలన్నరు?"

"గోడక్క. పొద్దుగాల లేవంగనే 'ఓదెలు గారు, ఓదెలు గారు' అని ఒక్కటే లొల్లి. నీ గుండె బలం తగ్గిందంట, ఒంట్ల నీళ్లు నిల్తున్నయంట. ఇగో, గూట్లకెళ్లి గోలీలు వచ్చినయ్. మింగు."

"నా గుండెకేంది అత్తా, గుండ్రాయి లెక్కుంటది."

"రాయి పలగదని ఎవ్వలు జెప్పిండ్రు నీకు? నోరు తెరువు."

నోరు తెరిచాను. ఆమె వేలితో గోలీలు నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించి, గొంతు దిగిందో లేదో దవడ పట్టుకుని చూసింది. చెంప కింద దాచి, ఆమె అటు తిరగగానే మోరీలో ఉమ్మేశాను. మంచి ఆట దొరికింది. ఆమె గురక విని మంచం జడుసుకుని ఉంటుంది, అందుకే గుండె జబ్బు అంటోంది అనుకున్నాను. రాజలింగుకు ఈ కథ అభినయించి చూపిస్తే వాడు బోసినోటితో విరగబడి నవ్వాడు.

ఆ మర్నాడూ తెచ్చింది. ఆ పై రోజూ. నా గుండె బాగుపడాలని సోమవారాలు ఒక్కపొద్దు కూడా మొదలుపెట్టిందట. రోజూ నేను ఉమ్మేస్తూనే ఉన్నాను.

రాత 6

షాహీన్ మేడం చక్రాల కుర్చీ తోసుకుంటూ మా అంతస్తుకు వచ్చింది. ఆ కుర్చీ నాకోసమట.

"ఓదెలన్నా, ఎన్ని కబుర్లు పంపినా దవాఖానకు రావేంది? నీ మంచం రోజూ నాకు ఎర్రబత్తి చూపిస్తున్నది. నీకు ఊపిరి అందుతలేదని, లేచి కూసొని పండుకుంటున్నవని. కూసో."

"మేడం, నన్ను చూస్తే మీకు పీనుగు లెక్క కనపడ్తున్ననా?"

"మాటలు తర్వాత. అంగీ ఎత్తు."

మంచుగడ్డలా చల్లగా ఉన్న బిళ్ల ఒకటి ఛాతీ మీద పెట్టింది. ఆ తర్వాత వీపు మీద. కాళ్లు నొక్కి చూసింది. మెట్లు దింపి, ఎక్కించి మళ్లీ పెట్టింది. చివరికి కుర్చీ మడత పెట్టేసింది.

"నీకేం రోగం లేదన్నా. ఎద్దు లెక్క ఉన్నవ్. మంచమే చెడిపోయింది. కొత్తది తెప్పిస్త. అప్పటిదాంక దాని కూతలు బంద్ చేయిస్త, అనవసరంగ నన్ను ఉరికిస్తున్నది."

రాజలింగు చప్పట్లు కొట్టాడు. నేను అందరికీ వంగి వంగి దండాలు పెట్టాను. అలా వంగినప్పుడు కనిపించింది. మెట్ల మీద బుచ్చవ్వ కూర్చుని ఉంది. తడిగోనె ఒళ్లో ఉంది. అది ఎత్తుకుని పైకి రాలేక మధ్యలో కూలబడింది. నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తూ, నాకేం లేదని విని, నవ్వుతోంది.

"సల్లగుండు అల్లుడా. నా ఒక్కపొద్దులు ఊకె పోలే."

గోనె అందుకోవడానికి కిందికి దిగాను. ఆమె పాదాలు రొట్టెల్లా పొంగి ఉన్నాయి. కాలి కడియం చర్మంలోకి దిగిపోయింది. చీమ పాకుతున్నట్టు నటించి చీలమండ మీద బొటనవేలితో నొక్కాను. తీశాక ఆ గుంట అలాగే ఉండిపోయింది.

మంచం చెడిపోలేదు. మంచం మొదటినుంచీ నిజమే చెబుతోంది. అది ఆమె గుండె.

రాత 7

షాహీన్ మేడం వెళ్లిపోతుంటే పిలవాలనుకున్నాను. మంచాన్ని మోసం చేసినవాడికి గది లేదు. బయట ఎండ ఎలా ఉందో కిటికీలోంచి చూశాను. లారీ డ్రైవరొకడు నీళ్లు నేలమీద పారబోస్తే అవి పారకుండానే ఆవిరైపోయాయి. నోరు మూసుకున్నాను.

దొడ్డిదారిన సరిచేద్దామనుకున్నాను. మాకు ఎప్పుడూ తెలిసిన దారి అదే. మంచం కూతలు ఆపారు గానీ గూడు ఇంకా గోలీలు ఇస్తూనే ఉంది. బుచ్చవ్వ వాటిని తెచ్చింది.

"మేడం నీకు ఏం లేదన్నది గానీ, వచ్చిన మందు పారేయొద్దు. మింగు."

"అత్తా, ఇవి నువ్వు మింగు. నీకు ఆయాసం వస్తున్నది గద."

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "నీ మందు నేను మింగి, నిన్ను సంపుకోవాల్నా? నాది ముసలి ఆయాసం. దానికి మందేంది?"

"రెండే రెండు మింగు. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు పెట్టుకొనే తెచ్చిన వీటిని. నోరు తెరువు."

ఇవి నీవేనని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే ఎందుకు అని అడుగుతుంది, గట్టిగా అడుగుతుంది, నడవా అంతా వింటుంది. నోరు తెరిచాను. ఈసారి ఉమ్మేయడానికి మోరీ దాకా వెళ్లి, గోలీలు అరచేతిలోకి తీసుకుని, కడిగి, పొడి చేసి ఆమె మజ్జిగలో కలుపుదామని చూశాను. అవి అప్పటికే కరిగి చేతినిండా తెల్లటి జిగురు అయ్యాయి. తొక్కు కూడా ఇవ్వడం మానేశాను. ఆమె ఖాళీ గిన్నె తెచ్చి అడిగితే అయిపోయిందన్నాను. రాజలింగు తన తొక్కు పెట్టాడు. వాడి చేతిలోంచి గిన్నె లాక్కున్నాను.

"ఏమైందిరా నీకు? ముసల్దానికి ఇంత తొక్కు పెడితే నీ సొమ్మేం పోయింది? ఈ నడుమ నీ నోట్లకెళ్లి ఒక్క తమాషా మాట వస్తలేదు. మంచం అన్నట్టు గుండె జబ్బు నిజంగనే వచ్చిందా ఏంది?"

వచ్చిందని చెప్పలేదు. ఇవాళ పొద్దున షోర్వ గూట్లోంచి వచ్చింది. పారబోయబుద్ధి కాలేదు. తాగాను.

రాత 8

పరదాల దగ్గరికి బుచ్చవ్వ రాలేదు. ఆమె పడుకునే నా గది తలుపు తోశాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. ప్రతి ఊపిరికీ లోపల నీళ్లు కదిలిన చప్పుడు. కింద లారీలు హారన్లు కొడుతున్నాయి. కళ్లు తెరిచి నన్ను చూసి చెయ్యి చాపింది. చేతిలో గోలీలు ఉన్నాయి.

"నీవి... మర్సిపోవద్దని..."

గోడను పిడికిలితో గుద్దాను. "గోడక్కా! ఎర్రబత్తి పెట్టు! ఈమె ఓదెలు కాదు, బుచ్చవ్వ!"

"శుభోదయం. ఓదెలు గారి మంచం మరమ్మతులో ఉన్నది. అసౌకర్యమునకు చింతించుచున్నాము."

అప్పటికే ఎండ సైరన్ మోగిపోయింది. దవాఖాన ఆవరణకు ఆ చివర ఉంది. గుమ్మం దగ్గర కాపలావాళ్లు చెయ్యి పట్టుకుంటే కొరికాను. చెప్పులు నేను తల పెట్టుకునే చోటే మంచం మీద ఉండిపోయాయి, కాళ్లకు లేవు. సిమెంటు నేల పెనంలా ఉంది. దవాఖానలో ఎంతమంది ఉన్నారో చూడలేదు.

"షాహీన్ మేడం! నా మంచం చెడిపోలేదు. దాంట్ల పండేది బుచ్చవ్వత్త. ఆ గుండె ఆమెది. ఆ గోలీలు ఆమెవి. నేను ఉమ్మేసిన. అన్నీ ఉమ్మేసిన."

షాహీన్ మేడం ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నా కాళ్ల బొబ్బలు మానినా మానదు. తర్వాత నన్ను తోసుకుని పరుగెత్తింది.

రాత 9

బుచ్చవ్వ బతికింది. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల్లోంచి నీళ్లు తీశారు. ఇంకొంచెం ఆలస్యమైతే అని షాహీన్ మేడం వాక్యం పూర్తిచేయలేదు.

ఇవాళ నా విచారణ. పొడుగుబల్ల వెనక నలుగురు పెద్దలు. మధ్యలో కూర్చున్నావిడ కళ్లజోడు తీసి మెల్లగా అడిగింది.

"ఎందుకు మార్చుకున్నారు ఓదెలు గారూ? శిక్ష వేయాలని కాదు, అర్థం చేసుకోవాలని అడుగుతున్నాం."

తిట్టినట్టు అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో. ఆవిడ జాలిగా అడిగింది. వెంటనే నా నోట్లోంచి లారీల సంగతి వచ్చింది. పేదరాలు, ముప్పై ఏళ్లు వంతెన కింద పడుకుంది మేడం, మీరిచ్చిన నిశ్శబ్దం ఆమెకు బరువైంది మేడం, చచ్చిపోయాననుకుని లేచి కూర్చునేది మేడం, చూడలేక మార్చాను. షోర్వ సంగతి కూడా చెప్పాను, కొద్దిగా. ఆవిడ కళ్లు తుడుచుకుంది. పక్కనున్నాయన, "గోడలు, మంచాలు, మందులు అన్నీ ఆలోచించాం. వాళ్ల నిద్ర ఏ చప్పుడుకు అలవాటు పడిందో మాత్రం అడగలేదు" అన్నాడు. మూలన నిలబడ్డ షాహీన్ మేడం మాత్రం నన్నే చూస్తోంది.

తీర్పు: నా గది నాకే ఉంటుంది. తప్పు నాది కాదు, ఏర్పాటుదట. బుచ్చవ్వ తిరిగి వచ్చాక ఆమె సొంత గదిలోనే, ఆమె సొంత మంచం మీద పడుకుంటుంది. ఆమె గోడలో లారీల చప్పుడు అమరుస్తారు. మంచం ఆమె నిద్ర చూసుకుంటూ చప్పుడు దానికి తగ్గట్టు సర్దుతుంది. కొత్తగా కట్టబోయే నెలవులన్నిటిలోనూ ఇదే పద్ధతి పెడతారట. అందుకు నా రాతలు అవసరం కాబట్టి ఒక్క కాగితం కూడా పారేయవద్దన్నారు.

బయటికొస్తే రాజలింగు భుజం మీద చరిచాడు. "నువ్వు ఇంత మంచోనివని నాకెన్నడు తెల్వదురా." లుంగీ వాడికి తిరిగి ఇచ్చేశాను.

రాత 10

బుచ్చవ్వ వచ్చింది. సగానికి సగం అయ్యింది. కడియం కోసి తీసేశారట, కాలి మీద గీత మిగిలింది. నడవా అంతా చేరి చప్పట్లు కొట్టాం. గోడక్క ఆమెను కొత్తగా నేర్చుకుంటోంది. మందులు ఆమె పేరుతో, షోర్వ ఆమె గూట్లో. నా గూట్లో గటక. బాగుంది. గటక గొంతు దిగుతోంది.

షాహీన్ మేడం గోడమీద ఏదో నొక్కింది. ఇంజన్ గర్జన, హారన్, పైపుల మోత. నా కిటికీ కింది అడ్డా అంతా గోడలోంచి వచ్చింది, డ్రైవర్ల బూతులతో సహా.

"మీకోసమే అవ్వా. ఇగ మంచిగ నిద్ర పడ్తది" అన్నది మేడం.

బుచ్చవ్వ గోడవైపు చూసింది. తర్వాత నావైపు చూసింది.

"అవునవును బిడ్డా. దీనికోసమే పాణం కొట్టుకున్నది" అన్నది.

రాత 11

బుచ్చవ్వకు నిద్ర లేదు. మంచం అది కనిపెట్టింది. నిద్ర లేకపోతే చప్పుడు చాలలేదని లెక్క కాబట్టి, గోడక్క చప్పుడు పెంచింది. అయినా నిద్ర రాలేదు. ఇంకా పెంచింది. ఇప్పుడు ఆ హారన్లు నడవా ఈ చివర నా గది దాకా వినిపిస్తున్నాయి. పొద్దున వెళ్లి చూస్తే చీరకొంగు చించి రెండు చెవుల్లో కుక్కుకుని, మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. కాళ్లు మళ్లీ పొంగుతున్నాయి.

షాహీన్ మేడం అడిగింది. "అవ్వా, చప్పుడు తగ్గించాల్నా?"

"వద్దు బిడ్డా. మంచిగుంది."

"మరి నిద్రెందుకు పడ్తలేదు?"

"ముసల్దానికి నిద్రేంది."

మేడం వెళ్లాక నేను లోపలికి వెళ్లాను. చెవుల్లో గుడ్డ తీయమని సైగ చేశాను.

"నేను పోయి జెప్పి బందు జేపిస్త అత్తా."

"ఏమని జెప్తవు? ఊకో. నోరు జారితే నీ గది పోతది. ఎండ సూసినవా?"

"నీ పాణం పోతది."

"నాకు అలవాటే గద అల్లుడా." మళ్లీ గుడ్డ కుక్కుకుంది.

రాత 12

నిన్న వాన పడింది. ఈ మధ్యాహ్నం షాహీన్ మేడం రాతలు తీసుకోవడానికి వస్తుంది. పొద్దున్నుంచి మూడో రాత ఉన్న కాగితాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాను. చింపలేదు. మేడం ముఖం మీద చెప్పే ధైర్యం ఉండుంటే ఇంత రాయాల్సిన పని లేదు. చెప్పబోతే మళ్లీ ఎవరో జాలిగా అడుగుతారు, మళ్లీ నా నోరు తన పని తాను చేస్తుంది. కాగితం మీదైతే కొట్టేసినా గీత కనిపిస్తుంది.

తాళాలిచ్చిన రోజున ముందు బుచ్చవ్వ గదే చూశాం. ఆమె లోపలికి వెళ్లి, మూట దించి, నేలమీద కూర్చుంది. నన్ను మాట్లాడవద్దని చెయ్యి ఎత్తింది. చెవి ఒగ్గి వింది. "ఏం ఇనొస్తలేదు అల్లుడా" అని చిన్నపిల్లలా నవ్వింది. "వంతెన కింద కండ్లు మూసుకున్నప్పుడల్లా లారీ నా మీదికెళ్లే పోయినట్టుండేది. ఇన్నేండ్లకు ఇయ్యాల పండుకుంట" అన్నది. అప్పుడే పక్కగది ముసలాయన గూట్లోంచి షోర్వ వాసన వచ్చింది. పెద్దవాళ్లకు రోజూ ఇస్తారని తెలిసింది.

ఆ సాయంత్రం నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. నా గది కింద లారీల మోత, నాకు తల పగిలిపోతోంది, నిద్ర పట్టకపోతే పిచ్చెక్కి చస్తాను అత్తా అన్నాను. రెండు కన్నీళ్లు కూడా కార్చాను, అవి నాకు ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాయి. ఆమె ఆ గదిలో ఒక్క నిద్ర కూడా పోలేదు. మారుమాట్లాడకుండా మూట ఎత్తుకుంది. "నువ్వు పండుకో బిడ్డా, నాకు అలవాటే" అన్నది.

మూడో రాతలో ఉన్నది, ఎప్పుడైనా దొరికిపోతే పనికొస్తుందని ముందుజాగ్రత్తగా రాసిపెట్టుకున్నది. విచారణలో అదే వాడాను. ఇప్పుడు దాన్ని నమ్మి ఇంకా ఎన్ని భవనాల గోడల్లో లారీలు పెట్టబోతున్నారో నాకు తెలియదు.

షాహీన్ మేడం, మిగతా రాతలన్నీ తీరిగ్గా చదువుకోండి. సబ్బు, లుంగీ, గోలీలు, తొక్కు, అన్నీ జరిగినవే. నా గది తాళం ఈ కాగితాల మీదే పెట్టాను. ముందు బుచ్చవ్వ గదికి వెళ్లి ఆ గోడ నోరు మూయించండి. చప్పుడు లేకపోతే బుచ్చవ్వకు నిద్ర పట్టదన్న మాట ఒక్కటి మాత్రం మొదటినుంచి చివరిదాకా నేను కల్పించింది.